ముత్తమ్మ పుంజు, పోచమ్మ వయసు

దొంగల్లో పెద్దల పట్ల మర్యాద తగ్గిపోతున్నదని ప్రభుత్వం ఎట్టకేలకు కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంటే అది ప్రభుత్వం ఎందుకవుతుంది? చట్టం చేసింది. దాని పేరు వృద్ధజన సొత్తు సంరక్షణ చట్టం. అరవై అయిదు దాటినవాళ్ళ సొమ్ము కాజేస్తే మామూలు దొంగతనానికి పడే శిక్షకు రెట్టింపు. డెబ్బై అయిదు దాటితే మూడింతలు. ఆపైన బాధితుల వయసు పదేళ్ళు పెరిగినప్పుడల్లా, బోనం కుండ మీద ముంత, ముంత మీద దీపం పేర్చినట్టు, శిక్ష మీద శిక్ష. (నూరేళ్ళు దాటిన ముసలమ్మ సంచిలోంచి వక్కపలుకు ఎత్తుకుపోయినవాడు ఎప్పుడు బయటికొస్తాడో చట్టం రాసినవాళ్ళు తేల్చలేదు. చూడడానికి తాము ఉండమని వాళ్ళకు తెలుసు.)

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు వెలిశాయి. "పెద్దల జోలికి పోతే పెద్దయ్యాకే బయటికి" అని వాటిమీద పెద్ద అక్షరాలు. వానలు మొదలవగానే ఆ ఫ్లెక్సీలు ఒక్కొక్కటే మాయమై బర్రెల కొట్టాల మీద తేలాయి. ఫ్లెక్సీల వయసు అరవై అయిదు దాటలేదు కాబట్టి కేసు పెట్టలేదు.

ఈ చట్టం సంగతి ముత్తమ్మకు తెలియదు. శామీర్‌పేట చెరువు కట్ట కింద, చేపలు పట్టేవాళ్ళ వాడలో ఆమె ఇల్లు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే, పొద్దున్నే కూయవలసిన పుంజు కూయలేదు. గంప ఎత్తి చూస్తే గంప కింద నేల ఉంది.

అది మామూలు పుంజయితే ముత్తమ్మ రెండు శాపనార్థాలు పెట్టి మరిచిపోయేది. కిందటి వానాకాలం ఆమె పెనిమిటి గౌరయ్య వల తీయబోయి తెప్ప తిరగబడి చెరువులో పడ్డాడు. ఈదుకొచ్చాడు గానీ ఛాతీలో నెమ్ము చేరింది. దవాఖానలో మంచం మీద ఊపిరి ఎగబోస్తుంటే ముత్తమ్మ ఇంటికి పరుగెత్తుకొచ్చి, అప్పుడే ఈకలొస్తున్న ఈ పుంజుపిల్ల కాలికి పసుపుదారం కట్టి, పోచమ్మ గుడి ముందు నిలబెట్టింది. "తల్లీ, ఈయన్ని నాకియ్యి. ఇది నీది" అన్నది. పోచమ్మ మాట నిలబెట్టుకుంది. గౌరయ్య లేచొచ్చి మళ్ళీ కల్లు మంచిగలేదని వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. ఇక ముత్తమ్మ వంతు. వచ్చే ఐతారమే, అంటే ఆదివారమే, బోనాలు.

మొక్కిన కోడికి బదులు కోడి చెల్లదు. ఇది ఏ చట్టంలోనూ లేదు గనుక అందరూ పాటిస్తారు.

పుంజు ఎక్కడుందో కనుక్కోవడానికి డిటెక్టివులు అక్కరలేదు. కరీంనగర్ రోడ్డు మీద జైపాల్ దాబా ముందు, రాటకు కట్టేసి ఉంది. ఎర్రటి జుట్టు, నల్లటి తోక, ఠీవిగా మెడ ఎత్తి నిలబడే ఆ పుంజును చూసి జైపాల్‌కు కొయ్యబుద్ధి కాలేదు. మెడలో "అసలు సిసలు నాటు" అని అట్టముక్క వేలాడదీశాడు. పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్ళు దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగి, లోపలికెళ్ళి ఫారం కోడి తిని, నాటుకోడి రుచే వేరని పొగిడి వెళుతున్నారు.

"ఓరి జైపాలూ, గిది మా ఇంటి పుంజు గాదుర?" అని నిలదీసింది ముత్తమ్మ.

"పుంజులన్ని ఒక్కతీర్గనే ఉంటయవ్వా. గుర్తేమన్న ఉన్నదా?"

"కుడి కాలుకు పసుపుదారం లేదా? నీ కండ్లు గిట్ల పోయినయా?"

జైపాల్ దారాన్ని శ్రద్ధగా చూశాడు. "గది ఇప్పటి ఫ్యాషనవ్వా" అన్నాడు.

అక్కడున్న పదిమందీ నవ్వారు. ముత్తమ్మకు ఒళ్ళు మండింది. కొంగు నడుముకు చెక్కి, మనవరాలు బిందును వెంటబెట్టుకుని నేరుగా తూంకుంటలో కొత్తగా తెరిచిన వృద్ధ సొత్తు ప్రత్యేక ఠాణాకు బయలుదేరింది. బిందు బహదూర్‌పల్లిలో బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది, నాలుగు ముక్కలు చదువుకుంది, ఎవరితోనైనా మాట్లాడగలదు. ముసలివాళ్ళ సొమ్ము పోయిన కేసులు ఇకమీదట ఈ ఠాణాలో తప్ప ఇంకెక్కడా తీసుకోకూడదని ఆర్డరు వచ్చిందని ఆమే చెప్పింది.

ఠాణాను సగంలో ఆగిపోయిన ఒక లేఅవుట్ వారి క్లబ్ హౌస్‌లో పెట్టారు. పిల్లల జారుడుబండ పక్కన లాకప్పు. నీళ్ళు లేని ఈతకొలను సొత్తు భద్రపరిచే గది. వృద్ధులు సులువుగా రావడానికి ఏటవాలు దారి కూడా కట్టారు. అది గేటు దగ్గర మొదలై తిన్నగా ఈతకొలనులోకి దిగుతుంది. (తప్పు ఎవరిదో తేల్చడానికి వేసిన కమిటీ మొదటి సమావేశానికి ఆ దారినే వెళ్ళింది. రెండో సమావేశం ఇంకా జరగలేదు.)

హెడ్ కానిస్టేబుల్ దేవేందర్ ముత్తమ్మను చూసి కుర్చీలోంచి లేచాడు. ఠాణా తెరిచినప్పటి నుంచి ఫిర్యాదుకు వచ్చిన మొదటి మనిషి ఆమే. పుంజు కథంతా ఇష్టంగా విన్నాడు.

"నసీబంటే నీదవ్వా! మామూలు ఠాణకు పోతె ఏం జేస్తుండె? జైపాల్‌గాన్ని పిలిచి నాలుగు తిట్లు తిట్టి, పొద్దుగూకకముందే నీ కోడి నీకిప్పిస్తుండె. గంతే గదా? ఈడ గట్ల గాదు. ఈడ మస్తు కఠినం."

"నాకు కఠినమొద్దు బిడ్డా. కోడి గావాలె."

"కోడి సంగతి తర్వాత. ముందుగాల్ల ఆధార్ ఇయ్యి."

కార్డు తీసుకున్న దేవేందర్ దాన్ని చూశాడు. ముత్తమ్మను చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు. ముఖం వాడిపోయింది.

"అవ్వా, నువ్వింక ముసల్దానివి గాలే."

ఇది ఇలా జరిగింది. కార్డుల క్యాంపు పెట్టినప్పుడు మిషన్ ముందు కూర్చున్న కుర్రవాడు పుట్టిన సంవత్సరం అడిగాడు. మస్తు వానలు పడి చెరువు అలుగు దుంకిన యాడాది అని ముత్తమ్మ ఉన్నమాట చెప్పింది. ఆ కుర్రవాడికి గుర్తున్న పెద్ద వాన ఒక్కటే. వాడి చిన్నప్పుడు పడింది. ఆ సంవత్సరమే ఎందుకు కొట్టలేదని అడిగితే, అలా కొడితే ఆమె తనకంటే చిన్నదవుతుందని అనుమానమొచ్చి, బాగా ఆలోచించి, కొంత వెనక్కి జరిపానన్నాడు. ఎంత జరిపినా ముత్తమ్మ తన పెద్దకొడుకు బాలరాజు కంటే రెండేళ్ళు చిన్నదిగానే మిగిలిపోయింది.

"అంటే నేను నా కొడుక్కు శెల్లెనా?"

"కాగితం ప్రకారం గంతే అవ్వా. కానీ పరేషాన్ గాకు. సుచిత్ర చౌరస్తల వృద్ధాప్య నిర్ధారణాధికారి ఉంటడు. ఆయనతోని నువ్వు ముసల్దానివని రాయించుకొస్తె, జైపాల్‌గాని పని ఖతం."

వృద్ధాప్య నిర్ధారణాధికారి చక్రపాణి గారి కార్యాలయం సుచిత్ర చౌరస్తాలో, పెళ్ళిచీరల షాపు పైన మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది. అది సిబ్బందికి. ముత్తమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ, పోచమ్మను తలుచుకుంటూ, నడుమ నడుమ మెట్ల మీద కూలబడుతూ పైకెక్కింది. దారిపొడుగునా ఆమెలాంటివాళ్ళే మెట్టుకొకరు కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నారు. ఒక ముసలాయన అయితే చెంబు, చాప తెచ్చుకుని రెండో అంతస్తు మలుపులో కాపురమే పెట్టాడు.

పరీక్ష అప్పటికే అయిపోయిందని పైకి వెళ్ళాక తెలిసింది. మెట్లెక్కి వచ్చినవాళ్ళను శారీరకంగా యవ్వనంలో ఉన్నట్టు రాసుకుంటారు. ఎక్కలేక ఆగిపోయినవాళ్ళను గైర్హాజరు కింద రాసుకుంటారు. పద్ధతి ఎంత పకడ్బందీగా ఉందంటే, ఆఫీసు తెరిచినప్పటి నుంచి ఒక్క బోగస్ వృద్ధుడు కూడా దొరకలేదు. అసలు వృద్ధుడే దొరకలేదు. ధ్రువపత్రం మీద కొట్టవలసిన ముద్ర ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

"సార్, మా అవ్వ జుట్టు జూడుండ్రి" అన్నది బిందు.

"జుట్టు నెరవడం వృద్ధాప్యానికి నిదర్శనం కాదమ్మా. నాకు డిగ్రీలోనే నెరిసింది" అన్నాడు చక్రపాణి. మాట మెత్తన, మనిషి మర్యాదస్తుడు. ఎవరికి లేదని చెప్పినా మంచినీళ్ళిచ్చి చెబుతాడు.

"పండ్లు ఒక్కటన్న లేవు సార్."

"పళ్ళు మా శాఖ పరిధిలోకి రావు."

"నడుము ఒంగిపోయింది."

"వినయం కావచ్చు."

బిందుకు కోపం ముంచుకొచ్చింది. "అయ్యో, మనిషిని జూస్తే తెలుస్తలేదా సార్?"

చక్రపాణి బాధగా తల ఊపాడు. "చూసి చెప్పే పద్ధతిని శాఖ రద్దు చేసిందమ్మా. కళ్ళు మోసం చేస్తాయి. రికార్డు మోసం చెయ్యదు. రికార్డు ప్రకారం ఈవిడ నాకు చెల్లెలి వరస."

ఇల్లు వదిలి పొద్దుటి నుంచి తిరుగుతున్న ముత్తమ్మ ఓపిక అక్కడితో అడుగంటింది.

"నీ రికార్డుల మన్నువొయ్య! నన్ను ముసల్దాన్నంటే ఎంత, పడుసుదాన్నంటే ఎంత? గా పుంజు నాదే గాదు!"

కాగితాలు తిరగేస్తున్న చక్రపాణి తల ఎత్తాడు.

"మరి ఎవరిది?"

"పోచమ్మది."

ముత్తమ్మ కావాలని చెప్పిన మాట కాదిది. అలాగని దాచగల మాటా కాదు. పసుపుదారం కట్టాక కోడి మొక్కుకున్నవాళ్ళది కాదు. గింజలు వెయ్యొచ్చు, గంప కింద కమ్మొచ్చు, నాది అని మాత్రం అనకూడదు. అందుకే ఇంతసేపూ దాబాలోనూ, ఠాణాలోనూ "మా ఇంటి పుంజు" అంటూ నెట్టుకొచ్చింది తప్ప నా పుంజు అని ఒక్కసారీ అనలేదు. చక్రపాణి కలం మూత తీశాడు.

"అంటే సొత్తు యజమాని వేరే ఉన్నారన్నమాట. పోచమ్మ గారు. వారి వయసెంత?"

"అమ్మోరికి వయసేంది సారూ? మా అత్త మొక్కింది, అత్తకు అత్త మొక్కింది. వాళ్ళందరికంటె ముంగటిది."

చక్రపాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజులుగా ఆయన ఎదురుచూస్తున్న నికార్సయిన వృద్ధురాలు ఇన్నాళ్ళకు దొరికింది.

మర్నాడే ఆయన శామీర్‌పేట వచ్చాడు. వేపచెట్టు కింద, మనిషి వంగితే తప్ప పట్టని చిన్న గుడి. సున్నం గోడలకు పసుపు, కుంకుమ బొట్లు. చక్రపాణి చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, ఆ తర్వాత విచారణ ప్రారంభించాడు. వాడంతా చుట్టూ చేరింది. భర్త పేరు అడిగితే లేదన్నారు. తోబుట్టువుల గురించి అడిగితే తమ్ముడు పోతరాజు ఉన్నాడన్నారు. తమ్ముడి వయసు తెలిస్తే దానికి కొంత కలిపి రాసుకుందామని చక్రపాణి ఆశపడ్డాడు గానీ అదీ ఎవరికీ తెలియదు.

"మెట్లెక్కగలరా?"

"ఏడికి ఎక్కుతది సారూ? ఆడ కూసున్నకాన్నించి కదలనే లేదు" అన్నాడు అరుగు మీద కూర్చున్న గౌరయ్య.

"ఎప్పటి నుంచి?"

"మా తాతలకు గూడ ఎర్క లేదు."

చక్రపాణి సంతృప్తిగా రాసుకున్నాడు. ఆ సాయంత్రమే ప్లాస్టిక్ కవరు చించి ముద్ర బయటికి తీశారు. చట్టం అమల్లోకి వచ్చాక మొట్టమొదటి వృద్ధాప్య ధ్రువపత్రం పోచమ్మ పేర జారీ అయింది. వయసు అన్నచోట "తగినంత" అని ఉంది. బిందు దానికి అద్దం కట్టించి గుడి గోడకు తగిలించింది. పోచమ్మకు ఆసరా పింఛను కూడా వస్తుందేమో కనుక్కోమని వాడలో నలుగురూ అన్నారు.

అదే ఊపులో దాబా మీద దాడి జరిగింది. మూడు జీపులు, ఒక డ్రోను. డ్రోనును చూసి పుంజు ఒకటే అరుపు. దేవేందర్ అక్కడే, టీ బల్ల మీద, ఫోన్లో జైపాల్‌కు పడబోయే శిక్ష లెక్క వేశాడు. అంకెలు తెర దాటి బయటికి పోయాయి. ఫోను అడ్డంగా తిప్పాడు. అయినా సరిపోలేదు.

ఆ లెక్క చూసి జైపాల్ చేతిలో గరిటె పక్కన పడేశాడు. జీపు దిగిన ముత్తమ్మ కాళ్ళ మీద వచ్చి పడ్డాడు. "అవ్వా, తప్పైంది. నీ కాల్మొక్త. నీ కోడి నువ్వు తీస్కపో. ఇంకో రెండు కోళ్ళు గూడ తీస్కపో!"

ముత్తమ్మ మనసు కరిగింది. కరగకపోయినా ఆమెకు కావలసింది కోడే. "సరే తియ్యిరా, దారం తెగకుండ మెల్లగ ఇప్పు" అని చెయ్యి చాపింది.

ఆ చేతికీ పుంజుకూ నడుమ దేవేందర్ లాఠీ పెట్టాడు. "గట్ల కుదరదవ్వా. గిది రాజీకి ఒప్పుకోని నేరం. పుంజు ఇగ కేసు సొత్తు."

పుంజును అదుపులోకి తీసుకున్నారు. జైపాల్‌ను ఇంటికి పంపించారు. అంతటి శిక్ష వెయ్యాలంటే పై నుంచి అనుమతి రావాలట. అనుమతి ఇచ్చే అధికారి పోస్టును ఇంకా సృష్టించలేదట. ఆ రోజు నుంచి జైపాల్ దాబాలో దొంగ యథావిధిగా పులుసు కాస్తున్నాడు. పుంజు మాత్రం తూంకుంటలో ఈతకొలను అడుగున నీలం టైల్స్ మీద తిరుగుతూ, పొద్దున్నే ఎవరూ కొనని ప్లాట్లను నిద్రలేపుతోంది.

ఐతారం దగ్గరపడింది. వాడలో డప్పులు వెచ్చబెడుతున్నారు. గౌరయ్యకు దగ్గు మొదలైంది.

అది నిజం దగ్గో, భయం దగ్గో ముత్తమ్మకు అంతుపట్టలేదు. గౌరయ్య మాత్రం పరాచికాలు మానలేదు. "పోచమ్మ ఇచ్చిన పానమే. బాకీ కట్టకుంటె వాపస్ తీస్కపోతది. నీ కోడి ఠాణల, నేను మంచంల. ఇద్దరం జమానత్ లేక పడున్నం" అన్నాడు.

"నీ నోట్ల మన్నువడ, గవేం మాటలు?" అని కసిరింది ముత్తమ్మ. దవాఖానలో ఎగపోసిన ఆ ఊపిరి చప్పుడు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. భయమేసింది. పెళ్ళినాటి నుంచి రోజూ తిట్టుకుంటూ బతికిన మనిషి లేకపోతే ఇక ఎవరిని తిట్టాలి? కట్ట దాకా పోయి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ ఠాణాకు బయలుదేరింది.

"సొత్తును వదిలెయ్యాలంటే యజమానే స్వయంగ వచ్చి వేలిముద్ర పెట్టాలవ్వా. రూల్ గది" అన్నాడు దేవేందర్. ఆ మాట అన్నాక పోచమ్మ ఎలాగూ వచ్చేది కాదు కదా అని నిశ్చింతగా కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇక్కడే ఆయన పొరబడ్డాడు. పోచమ్మ రాగలదు. ఏటా వస్తుంది. వాడలోని కుర్మయ్య భార్య దుర్గాబాయి మీదికి పూనకమై వస్తుంది.

శనివారం మధ్యాహ్నం దుర్గాబాయి తలకు నూనె పెట్టుకోకుండా, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుతో, చేతిలో వేపమండలతో తూంకుంట ఠాణాలో దిగింది. వెనక డప్పు. డప్పు వెనక ముత్తమ్మ, బిందు. దరువు రెండు చుట్లు తిరిగిందో లేదో దుర్గాబాయికి ఒళ్ళు జలదరించింది, జుట్టు విరబోసుకుంది, పంటి బిగువున ఒక్క కేక పెట్టింది. కేక విని సెంట్రీ తుపాకీ కింద పెట్టి చేతులు జోడించాడు. దేవేందర్ టోపీ తీసి బల్ల మీద పెట్టి, బూట్లు విప్పి, వచ్చి ఆమె ముందు మోకరిల్లాడు.

"నా కోడి ఏదిర బిడ్డా? యాడాదికాన్నించి కండ్లల్ల వొత్తులేసుకొని సూస్తున్న!"

"తప్పైంది తల్లీ. నీ కోడి నీకే ఇస్త. గీ మిషన్ మీద జర వేలు పెట్టు తల్లీ."

అమ్మవారు వేలు పెట్టింది. మిషన్ కూతపెట్టింది. తెర మీద దుర్గాబాయి, కుర్మయ్య భార్య, వయసు నలభై మూడు అని వచ్చింది.

"ఏందిర గది?"

"తల్లీ, సర్వర్ ఒప్పుకుంటలేదు."

"నన్ను కాదనేటోడెవడురా వాడు? పిలువుండ్రి వాణ్ని నా ముంగటికి!" అని అమ్మవారు గర్జించింది. డప్పు జోరందుకుంది. ఠాణాలో ఉన్నవాళ్ళంతా సర్వర్ తరఫున క్షమాపణ చెప్పుకుంటూ తలలు నేలకానించారు. దేవేందర్ మోకరిల్లినచోటు నుంచే ఎడం వేలు, కుడి వేలు, బొటనవేలు అన్నీ ఒక్కోటిగా పెట్టించి చూశాడు. పోచమ్మ ఓపికగా పెట్టింది. మిషన్ మాత్రం ఒకటే మాట మీద నిలబడింది.

ముత్తమ్మ ఒక్కతే తల వంచలేదు. వంచేందుకు ఆమె నడుముకు ఇంకా చోటు లేదు. చుట్టూ చూసింది. ఎవరి కళ్ళూ పైన లేవు. వృద్ధుల సౌకర్యార్థం కట్టిన ఏటవాలు దారి ఎదురుగా కనిపించింది. కట్టినప్పటి నుంచి దాన్ని సరిగ్గా వాడుకున్న మొదటి వృద్ధురాలు ఆమే. మెల్లగా ఈతకొలనులోకి దిగింది. పుంజు ఆమెను గుర్తుపట్టి దగ్గరికొచ్చి కొంగు పొడిచింది. దాన్ని చంకన పెట్టుకుని, కొంగు కప్పి, అదే దారిన మెల్లగా పైకొచ్చి, గేటు దాటి ఆటో ఎక్కింది. ఆ డప్పుల గోలలో పుంజు పోయిన సంగతి ఎవరూ చూడలేదు.

ఐతారం నాడు బోనమెత్తింది. మొక్కు తీరింది. "తల్లీ, లెక్క సరిపాయె, ఇగ ఈయన జోలికి రాకు" అని పోచమ్మకు గట్టిగానే చెప్పింది. గౌరయ్య మారు వడ్డించుకుని తిని, తేనుపు తేన్చి, కూరలో కారం తక్కువైందని వంక పెట్టాడు. ఆ వంక విన్నాక ముత్తమ్మ ప్రాణం కుదుటపడింది. దగ్గు మళ్ళీ వినపడలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ సుఖాంతమయ్యేది. కానీ మొక్కు కూర ఇంట్లోవాళ్ళే తినేస్తే మొక్కు అంటదు. నలుగురికీ పెట్టాలి, అందులోనూ సాయం చేసినవాళ్ళకు ముందు పెట్టాలి. ముత్తమ్మ ఆలోచించి చూస్తే, తనను చూసి కుర్చీలోంచి లేచిన అధికారి లోకంలో ఒక్కడే కనిపించాడు. గిన్నె నిండా కూర, జొన్నరొట్టెలు మూటగట్టి, బిందు వద్దు వద్దంటున్నా వినకుండా, తానే స్వయంగా ఠాణాకు పట్టుకెళ్ళింది.

దేవేందర్ ఇష్టంగా తిన్నాడు. చక్రపాణి గారు కూడా ఏదో తనిఖీకి వచ్చి అక్కడే ఉన్నారు. వద్దు వద్దంటూనే ఆయన కాలు ముక్క తీసుకున్నారు.

"మస్తున్నదవ్వా. గిసొంటి రుచి దాబాలల్ల దొరకది. ఏ కోడి?"

"ఇంకేం కోడి బిడ్డా? పోచమ్మదే."

దేవేందర్ నములుతున్నవాడల్లా ఆగాడు. లేచి కొలను అంచుకు వెళ్ళి లోపలికి తొంగిచూశాడు. నీలం టైల్స్, కొన్ని గింజలు, ఒక నల్లటి ఈక. తిరిగొచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. కేసులోని ఏకైక సాక్ష్యం అప్పటికే ఇద్దరు ప్రభుత్వోద్యోగుల కడుపులో భద్రంగా ఉంది.

చెయ్యి కడుక్కోవడానికి ముందే ఇద్దరూ చట్టం తెరిచారు. సొత్తు యజమాని పోచమ్మ. వృద్ధురాలని ధ్రువపత్రం గుడి గోడకు వేలాడుతోంది. ఆమె సొత్తు ఠాణాలోంచి పోయింది. కాబట్టి వృద్ధురాలి సొత్తు దొంగతనం జరిగింది. తీసుకుపోయింది ముత్తమ్మ, ఒప్పుకుంది కూడా. (తిన్నది ఎవరన్న ప్రశ్న చట్టంలో లేదు. ఆ తర్వాత రాబోయే సవరణలోనూ ఉండదని చక్రపాణి హామీ ఇచ్చాడు.)

"పోచమ్మ కోడి పోచమ్మకే ఇచ్చిన గద సారూ! అమ్మోరికి ముట్టింది!" అన్నది ముత్తమ్మ.

"ముట్టినట్టు రసీదు ఉందా అమ్మా?" అని మర్యాదగా అడిగాడు చక్రపాణి, ఆమెకు గ్లాసుతో మంచినీళ్ళు అందిస్తూ.

ఆ సాయంత్రం టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో వార్త వచ్చింది. వృద్ధజన సొత్తు సంరక్షణ చట్టం కింద తొలి అరెస్టు. పెద్దలను దోచుకునేవాళ్ళను ఉపేక్షించేది లేదు. దాబాలో ఆ వార్త చూసి జైపాల్, లోకం ఎంత పాడైపోయిందో అని నాలుక చప్పరించాడు.

జారుడుబండ పక్కన బెంచీ మీద ముత్తమ్మ కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. ఎదురుగా దేవేందర్ ముద్దాయి వివరాలు నింపుతున్నాడు. మొగుని పేరు రాశాడు. ఊరు రాశాడు. వయసు దగ్గర ఆగను కూడా ఆగకుండా డెబ్బై నాలుగు అని రాసేశాడు.

ముత్తమ్మ బొడ్లో సంచి విప్పి ఆధార్ కార్డు తీసి చాపింది. "గిది జూడవా బిడ్డా?"

"ముద్దాయిలకు అక్కర్లేదవ్వా. లోపల పెట్టుకో."

"మరి నాకు డెబ్బై నాలుగని నీకెట్ల ఎర్క?"

దేవేందర్ కాగితం మీది నుంచి తల ఎత్తాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు ఆమె జుట్టును, బోసినోటిని, వంగిన నడుమును చూశాడు.

"మనిషిని జూస్తే తెలుస్తలేదా అవ్వా?" అన్నాడు.